వైఫై మాటిమాటికీ తెగిపోతోందా? ఏ మార్గం ఎవరికి నప్పుతుంది

ఇంట్లో వైఫై సరిగా రాకపోతే మనసు ముందుగా కొత్త పెట్టె మీదికే పోతుంది. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొనాలా, రెండు మూడు పెట్టెలు ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే మెష్ పెట్టించాలా, రౌటరే మార్చాలా, లేక కనెక్షన్ ఇచ్చే సంస్థకే స్వస్తి చెప్పాలా అని తర్జనభర్జన మొదలవుతుంది. వీటిలో ప్రతిదీ ఏదో ఒక ఇంటికి సరైన పరిష్కారమే. లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా ఎంచుకుంటే మాత్రం డబ్బు వృథా అవుతుంది, లోపం అలాగే ఉంటుంది. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను: ఇంట్లో ఒక్క గదికైనా తీగ లాగే వీలుంటే అదే మొదటి ఎంపిక. చాలామంది అన్నిటికంటే ముందు కొనే రిపీటర్ నా వరుసలో దాదాపు చివరిది. ఎందుకో కింద వివరిస్తాను.

## ముందు లోపం ఎక్కడుందో తేల్చండి

ఇంటర్నెట్ మీ ఫోనుకు చేరడంలో మూడు అంచెలున్నాయి. బయటి నుంచి రౌటర్ దాకా వచ్చే లైను మొదటిది. రౌటర్ లోపల జరిగే పని రెండోది. రౌటర్ నుంచి మీ పరికరం దాకా గాలిలో సాగే ప్రయాణం మూడోది. వైఫై అనే మాట ఈ మూడో అంచెకే చెందుతుంది. మొదటి అంచెలో లోపం ఉంటే ఎన్ని మెష్ పెట్టెలు పెట్టినా ఫలితం ఉండదు.

పరీక్ష సులువే. ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి, అందులో వైఫై ఆపేయండి. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామాకు పింగ్ పంపండి. చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే ఆదేశమే పింగ్. రౌటర్ చిరునామా సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. రెండోదానిలో బయటి ప్రపంచంలోని 8.8.8.8కు, అంటే గూగుల్ సర్వర్‌కు పంపండి. విండోస్‌లో పింగ్ నాలుగు సార్లు వెళ్లి ఆగిపోతుంది కాబట్టి ఆగకుండా సాగేలా ఆదేశం ఇవ్వాలి. రోజూ ఇబ్బంది వచ్చే వేళలోనే, కనీసం పావుగంట అలా వదిలేయండి. తర్వాత కేబుల్ తీసేసి, వైఫై మీద ఒకసారి రౌటర్ పక్కన, ఇంకోసారి ఇబ్బంది పెట్టే గదిలో ఇదే పరీక్ష చేయండి.

తెర మీద కదిలే అంకెలే అసలు సంగతి చెబుతాయి. వైఫై మీద రౌటర్‌కు పంపే పింగ్ 2, 3, 2, 4 మిల్లీసెకన్లు అంటూ నిదానంగా పోవాలి. ఆ వరుసలో ఉన్నట్టుండి 380, 612, ఆపై జవాబు లేదు, మళ్లీ 3 అని కనిపిస్తే లోపం గాలిలో ఉంది. రౌటర్ వరుస నిలకడగా ఉండి 8.8.8.8 వరుస మాత్రమే తెగుతుంటే లోపం లైనులో ఉంది. రెండూ బాగున్నా వెబ్ పేజీలు తెరుచుకోవడానికి మొరాయిస్తుంటే, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు ఉండి ఉండవచ్చు. రౌటర్ సెట్టింగుల్లో దాన్ని 1.1.1.1కు గానీ 8.8.8.8కు గానీ మార్చి చూడండి.

నాలుగో రకం ఒకటుంది. దాన్ని గుర్తించేవాళ్లు తక్కువ. అంతా బాగానే నడుస్తూ, ఇంట్లో ఎవరో ఫొటోలు బ్యాకప్ చేయడం మొదలుపెట్టగానే అందరి కాల్స్ ముక్కలవుతాయి. బయటికి వెళ్లే దారి నిండిపోయి, రౌటర్‌లోనో మోడెంలోనో డేటా పెద్ద వరుసలో నిలిచిపోవడమే దీనికి కారణం. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. ఒక పెద్ద ఫైలును అప్‌లోడ్ చేస్తూ పింగ్ చూడండి. 20 దగ్గర ఉండే అంకె 400 దాటితే లోపం ఇదే. సిగ్నల్‌ను ఎంత పెంచినా ఇది తగ్గదు.

సిగ్నల్ బలాన్ని ఫోనులోని గీతలతో అంచనా వేయకండి. డీబీఎం అనే అంకె చూడండి. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్‌లు దాన్ని చూపిస్తాయి. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే చాలు. ఈ అంకె రుణాత్మకం కాబట్టి సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 చాలా బాగున్నట్టు. వీడియో కాల్స్‌కు మైనస్ 67 వరకు ఫరవాలేదు. మైనస్ 75 దాటితే తెగడం మొదలవుతుంది. 10 అంకెలు పడిపోవడమంటే బలం పదో వంతుకు తగ్గడమని గుర్తుంచుకుంటే, మధ్యలో ఉన్న ఒక్క కాంక్రీటు గోడ ఎంత నష్టం చేస్తుందో అర్థమవుతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

వేగం కంటే ముందు నిలకడ చూడండి. సినిమా చూసేటప్పుడు యాప్ కొంత భాగాన్ని ముందే తెచ్చి దాచుకుంటుంది, అందువల్ల రెండు సెకన్లు కనెక్షన్ పోయినా మీకు తెలియదు. వీడియో కాల్‌కు, ఆన్‌లైన్ ఆటకు ఆ వెసులుబాటు లేదు. సినిమా బాగానే ఆడుతోంది, కాల్ మాత్రం తెగుతోంది అంటే మీకు కావలసింది ఇంకా పెద్ద ప్లాను కాదు, జాప్యం తక్కువగా ఉండే దారి.

తీగ లాగగలరా లేదా అన్నది రెండో ప్రశ్న. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. ఇబ్బంది పడే పరికరం ఒకే చోట ఉండేదా, చేతిలో పట్టుకుని తిరిగేదా అన్నది మూడోది. నాలుగోదాన్ని అందరూ మరిచిపోతారు: రేపు ఏదైనా ఆగిపోతే దాన్ని చూసుకునేది ఎవరు? కింది పట్టికలోని ఒక్కో మార్గాన్నీ ఆ తర్వాత వివరిస్తాను.

| మార్గం | నిలకడ | వేగం | తీగ | ఎవరికి |
|---|---|---|---|---|
| చోటు, ఛానల్ మార్పు | ఇంటిని బట్టి | ఇంటిని బట్టి | అక్కర్లేదు | అందరికీ, అన్నిటికంటే ముందు |
| రిపీటర్ | తక్కువ | సగం లేదా అంతకంటే తక్కువ | అక్కర్లేదు | దూరాన ఉన్న ఒక చిన్న పరికరానికి |
| పవర్‌లైన్ | ఇంటి వైరింగ్‌ను బట్టి | మధ్యస్థం | ఉన్న కరెంటు తీగే | కొత్త తీగ లాగలేనివారికి |
| తీగ లేని మెష్ | మధ్యస్థం నుంచి మంచిది | మధ్యస్థం | అక్కర్లేదు | ఫోనుతో ఇల్లంతా తిరిగేవారికి |
| తీగతో యాక్సెస్ పాయింట్ లేదా మెష్ | అత్యుత్తమం | పూర్తి | కావాలి | తీగ లాగగలిగిన ప్రతివారికీ |
| కొత్త రౌటర్ | పాతది ఎంత పాతదన్నదాన్ని బట్టి | మెరుగవుతుంది | అక్కర్లేదు | పరికరాలు ఎక్కువున్నవారికి |
| సంస్థ మార్పు | లోపం లైనులో ఉంటేనే | ప్లానును బట్టి | వర్తించదు | కేబుల్ పరీక్షలోనూ తెగేవారికి |

## ఏమీ కొనకుండా చేయదగినవి

రౌటర్ ఎక్కడుందో చూడండి. లైను ఇంట్లోకి వచ్చిన మూలలోనే, టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో ఉండిపోవడం మామూలే. ఇంటికి మధ్యలో, ఛాతీ ఎత్తున లేదా అంతకంటే పైన, చుట్టూ ఖాళీగా ఉండాలి. లోహం, పెద్ద అద్దాలు, నీళ్ల తొట్టె సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి. నిలువుగా పెట్టిన యాంటెన్నా సిగ్నల్‌ను ప్రధానంగా పక్కలకు పంపుతుంది, పై అంతస్తుకు తక్కువగా. మేడ ఉంటే ఒక యాంటెన్నాను అడ్డంగా వంచి చూడండి.

తర్వాత బ్యాండు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది, కానీ ఇరుకైనది. అందులో ఒకదానితో ఒకటి రాపిడి లేని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. ఒకే ఛానల్‌లో ఉన్న పరికరాలు ఒక గదిలో కూర్చున్నవాళ్లు వంతులవారీగా మాట్లాడుకున్నట్టు సర్దుకుంటాయి. మీరు 3నో 4నో ఎంచుకుంటే 1 మీద, 6 మీద నడిచేవారి మాటలు మీకు అర్థం కాని గోలగా వినిపిస్తాయి, మీవి వారికి అలాగే. ఖాళీగా కనిపించిందని 3ను ఎంచుకోవడం అందుకే పొరపాటు. ఛానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ మీద ఉంటే 20కి తగ్గించండి. వేగం కొంత తగ్గినా నిలకడ పెరుగుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, దూరం తక్కువ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను రాడార్లూ వాడుకుంటాయి. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ ఛానల్‌ను వెంటనే ఖాళీ చేయాలన్నది నియమం. అలాంటి మరో ఛానల్‌కు మారితే దాన్ని వాడే ముందు కనీసం 60 సెకన్లు వింటూ కూర్చోవాలి. ఏ కారణమూ లేకుండా 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ నిమిషంపాటు మాయమై మళ్లీ వస్తోందంటే ఇది అనుమానించదగ్గ కారణం. 36 నుంచి 48 లోపు ఛానల్ పెట్టి చూడండి.

మరికొన్ని చిన్న సంగతులు. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. అది ఆన్‌లో ఉన్నప్పుడే వైఫై పోతుంటే ఆ పరికరాన్ని 5కు మార్చండి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, వాటి కేబుళ్లు కూడా 2.4 పరిధిలో రొద పుట్టిస్తాయి. రౌటర్‌కు తగిలించిన డిస్కును తీసేసి తేడా గమనించండి. కొత్త రౌటర్ పెట్టాక పాత ప్రింటరో బల్బో కలవకపోతే, భద్రత సెట్టింగు డబ్ల్యూపీఏ3 మీద ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కు మార్చి ప్రయత్నించండి. రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసేయండి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. అన్నీ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అంతకంటే తెలియదు.

## రిపీటర్

రిపీటర్ పెట్టాక ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తాయి, అందుకే దాని మీద నమ్మకం కలుగుతుంది. ఆ గీతలు ఫోనుకూ రిపీటర్‌కూ మధ్య ఉన్న బలాన్నే చూపుతాయి. రిపీటర్‌కు రౌటర్ నుంచి ఏం అందుతోందో చెప్పవు. ఒకే రేడియోతో పనిచేసే రిపీటర్ ప్రతి మాటనూ ఒకసారి విని, అదే ఛానల్ మీద మళ్లీ చెప్పాలి. వేగం సగానికి పడిపోవడం అక్కడే ఖాయమవుతుంది. సిగ్నల్ అందని గదిలోనే దాన్ని పెట్టడం ఇంకో పెద్ద తప్పు. అందనిదాన్ని అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? సిగ్నల్ ఇంకా మైనస్ 60, 65 దగ్గర ఉన్న సగం దూరంలో పెట్టాలి.

గేటు దగ్గరి కెమెరా, పెరట్లోని స్మార్ట్ ప్లగ్గు లాంటి వాటికి ఇది చాలు. ఆఫీసు కాల్స్ మాట్లాడే గదికి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

## పవర్‌లైన్

రౌటర్ దగ్గరొకటి, కావలసిన గదిలోనొకటి అడాప్టర్ గోడ ప్లగ్గులో పెడితే డేటా కరెంటు తీగల మీదుగా పోతుంది. ఒక ఇంట్లో అద్భుతంగా ఉంటుంది, పక్కింట్లో అసలు కలవదు. రెండు ప్లగ్గులూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే పనితీరు బాగా పడిపోతుంది. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే ఆ బోర్డే సిగ్నల్‌ను మింగేస్తుంది కాబట్టి నేరుగా గోడకే పెట్టాలి. పెట్టె మీద రాసిన అంకెలో చిన్న భాగమే చేతికి వస్తుంది. వెనక్కి ఇచ్చే వీలుంటేనే కొనండి.

## మెష్

రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఒక నెట్‌వర్క్‌గా పనిచేయడమే మెష్. ఫోనుతో మీరు గది నుంచి గదికి నడుస్తుంటే దగ్గరి పెట్టెకు మారడానికి 802.11కె, వి, ఆర్ అనే ప్రమాణాలు తోడ్పడతాయి. మారాలా వద్దా అని చివరికి తేల్చేది ఫోనే. కొన్ని పాత ఫోన్లు దూరపు పెట్టెనే పట్టుకుని వేలాడతాయి, ఎంత ఖరీదైన మెష్ అయినా వాటిని పూర్తిగా మార్చలేదు.

పెట్టెలు తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయన్నదే అసలు తేడా. తీగ లేకపోతే అవి కూడా గాలిలోనే మాట్లాడుకోవాలి. దానికోసం ప్రత్యేకంగా మూడో రేడియో ఉన్న ట్రైబ్యాండ్ మెష్ నయం. రెండే రేడియోలున్న చవక మెష్‌కూ మంచి రిపీటర్‌కూ తేడా కొద్దిదే. పెట్టెల సంఖ్య పెంచితే మంచిదన్న భ్రమ వద్దు. రెండు పెట్టెలు చాలే ఇంట్లో నాలుగు పెడితే ఒకదానికొకటి అడ్డుపడతాయి, ఫోను ఎటు మారాలో తేల్చుకోలేదు. కొనేటప్పుడు ప్రతి పెట్టెకూ ఈథర్‌నెట్ రంధ్రం ఉందో లేదో చూడండి. ఈరోజు తీగ లేకపోయినా రేపు లాగితే ఆ మెష్ విలువ ఒక్కసారిగా పెరుగుతుంది.

## తీగ, దాని చివర యాక్సెస్ పాయింట్

గోడ అంచు వెంబడి ఒక కేబుల్ పోయి, దూరపు గదిలో యాక్సెస్ పాయింట్‌కు చేరుతుంది. ఆ పెట్టె అక్కడి నుంచి తన సొంత వైఫై ఇస్తుంది. ప్రసారం మధ్యలో సగమయ్యేది లేదు, పక్కింటి ఛానల్ గోల తీగలోకి వచ్చేది లేదు. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పోతుంది, ఏ ఇంటికైనా ఆ దూరం చాలు. క్యాట్ 5ఈ ఆ మొత్తం దూరానికి సెకనుకు 1 గిగాబిట్ మోస్తుంది. కొత్తగా లాగుతుంటే క్యాట్ 6 తీసుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన రకం వద్దు, పూర్తి రాగిదే కావాలి.

కొత్త యాక్సెస్ పాయింట్ కొనకపోయినా, అటక మీద పడి ఉన్న పాత రౌటర్ పనికొస్తుంది. అందులో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే దాని చిరునామాను అసలు రౌటర్‌ది కాని మరో అంకెకు, ఉదాహరణకు 192.168.1.2కు మార్చి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కేబుల్‌ను వాన్ అని రాసిన రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో గుచ్చండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. కొన్ని పరికరాలకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, కారణం పట్టుకోవడం కష్టమవుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డు రెండింటిలోనూ ఒకటే పెట్టి, ఛానల్ మాత్రం వేరుగా ఇవ్వండి.

తీగకూ జబ్బులుంటాయి. కేబుల్‌లో 8 సన్న తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. ఒక తీగ తెగినా, చివరి క్లిప్పు సరిగా నొక్కకపోయినా కనెక్షన్ పనిచేస్తూనే ఉంటుంది, వేగం మాత్రం 95 మెగాబిట్ల దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. మీ పరీక్షలో ఎప్పుడూ 93, 94, 95 తప్ప పైకి పోకపోతే, ప్లాను అంతకంటే పెద్దదైతే, ముందు కేబుల్ మార్చండి.

## కొత్త రౌటర్

రౌటర్ మార్చితే సిగ్నల్ దూరం పోతుందన్న ఆశతో కొనకండి. ప్రసార శక్తికి చట్టపరమైన హద్దు ఉంటుంది. పైగా ఫోను కూడా తిరిగి జవాబివ్వాలి కదా. రౌటర్ కేక ఫోనుకు వినిపించినా, ఫోను సన్నటి గొంతు రౌటర్‌కు వినిపించకపోతే కనెక్షన్ తెగినట్టే.

రౌటర్ మార్పు నిజంగా పనికొచ్చేది పరికరాలు ఎక్కువగా ఉన్న ఇంట్లో. వైఫై 4 ప్రమాణం 2009 నాటిది. వైఫై 5 ప్రమాణం 5 గిగాహెర్ట్జ్‌కే పరిమితం. వైఫై 6లో ఒకే ప్రసారంలో పలు పరికరాలకు కొంచెం కొంచెం పంచే ఏర్పాటు ఉంది. 6ఈ, 7లలో 6 గిగాహెర్ట్జ్ అనే కొత్త మైదానం దొరుకుతుంది, కానీ దాని సిగ్నల్ గోడలకు ఇంకా తొందరగా లొంగిపోతుంది. మీ ఫోను, ల్యాప్‌టాప్ ఆ ప్రమాణాన్ని అందుకోకపోతే ఆ మెరుగుదల వాటికి దక్కదు.

బఫర్‌బ్లోట్ మీ సమస్య అని తేలితే మాత్రం నిస్సంకోచంగా రౌటర్ మార్చవచ్చు. ఎస్‌క్యూఎం అనే వరుస నిర్వహణ సదుపాయం ఉన్నదాన్ని ఎంచుకుని, అందులో మీ అసలు వేగానికి 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. ఆ పది శాతం వదులుకున్నందుకు కాల్స్ తెగకుండా నిలుస్తాయి.

## సంస్థ మార్పు

కేబుల్ పరీక్షలో కూడా తెగుతుంటేనే ఈ మాట ఎత్తండి. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం వెలుగుతోందా చూడండి. వెలిగితే ఫైబర్‌లో డేటాను మోసే వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. ఫైబర్ తీగ తలుపు సందులో నలిగిందా, మూల దగ్గర మడతపడిందా అని వెతకండి. ఫిర్యాదు చేసేటప్పుడు తెగిన వేళలు, పింగ్ అంకెల ఫొటో, కేబుల్‌తోనే పరీక్షించారన్న మాట జతచేస్తే, రౌటర్ ఆపి మళ్లీ వేయండి అనే మొదటి జవాబు దగ్గరే వ్యవహారం ఆగిపోదు.

## మీ పరిస్థితి ఏది

అద్దె ఇల్లు, గోడకు రంధ్రం పెట్టనివ్వరు: గోడ అంచున అంటించే చదును కేబుల్ తలుపు కింద నుంచి పోతుంది, విప్పుకుని తీసుకెళ్లవచ్చు. అదీ కుదరకపోతే ట్రైబ్యాండ్ మెష్, రెండు పెట్టెలు మించకుండా. ఒకటే గది ఇబ్బంది పెడుతుంటే పవర్‌లైన్ ప్రయత్నించదగ్గదే.

ఇంటి నుంచి పనిచేసేవారు ఇల్లంతా బాగుచేయనక్కర్లేదు. పని బల్ల దాకా ఒక్క తీగ లాగి ల్యాప్‌టాప్‌కు గుచ్చితే ఆఫీసు కాల్స్ బాధ తీరుతుంది. మిగతా ఇంటికి ఉన్న వైఫైనే కాస్త సర్దుకోవచ్చు. ఆటలు ఆడేవారికీ ఇదే, దానికి తోడు ఎస్‌క్యూఎం.

సొంత మేడ ఇల్లు, ఇంకా రంగులు వేయకముందే ఉన్నవారు అదృష్టవంతులు. ప్రతి అంతస్తు పైకప్పు మధ్యకు ఒక కేబుల్ గొట్టం వేయించండి. పెట్టెలు తర్వాత కొనవచ్చు, గోడ మాత్రం మళ్లీ పగలగొట్టలేరు.

పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి లెక్క వేరు. అక్కడ ఎంత తక్కువ పెట్టెలుంటే అంత మంచిది. దూరం నుంచే ఫోను యాప్‌తో చూసి సరిదిద్దగలిగిన మెష్‌ను నేను అక్కడ యాక్సెస్ పాయింట్ కంటే ముందు పెడతాను. ఏ దీపాలు వెలగాలో, ఏది ఎర్రగా మారితే ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి రౌటర్ పక్కన అంటించి రండి.